అత్తరు బుడ్డి మీద కాటుక గీత

మా మనవడికి ఇరవై మూడేళ్లు, మనవరాలికి పంతొమ్మిది. ఇద్దరూ కలిసి హాల్లో ఒక అద్దాల అల్మారా పెట్టించుకున్నారు. మా దేవుడి గూడుకన్నా పెద్దది, దానికన్నా శుభ్రంగానూ ఉంటుంది. అందులో ఉన్నవన్నీ సెంటు సీసాలు. మొన్న వాళ్లు ఇంట్లో లేనప్పుడు లెక్కపెట్టాను, 34 తేలాయి. ఇవి కాక చిటికెన వేలంత గాజు గొట్టాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిని డీకాంట్లంటారట. పెద్ద సీసా కొనలేనివాడు, కొన్నవాడి దగ్గర అయిదు మిల్లీలీటర్లు పోయించుకుంటాడట.

"అంటే కల్లు కాంపౌండులో సగం సీసా అడిగినట్టా?" అన్నాను.

మనవడు నవ్వలేదు. వాడు అన్నిటికీ నవ్వుతాడు గానీ సెంటు విషయంలో మాత్రం నవ్వడు.

మా రోజుల్లో ముగ్గురికి ఒక బుడ్డి. నాకు, మా పెద్దన్నకు, చెల్లెకు కలిపి నాయిన కొనిచ్చింది పావు తులం అత్తరు. తులమంటే 11.66 గ్రాములు. అందులో పావంటే మూడు గ్రాములు కూడా నిండదు. అది దసరా నుంచి ఉగాది దాకా రావాలి, అంటే ఆరు నెలలు. ఇప్పుడు వీళ్ల ఒక్కో సీసా నూరు మిల్లీలీటర్లు. కూర్చుని లెక్క వేశాను, పింఛనుదారుకు ఇంకేం పని? ఆ ఒక్క సీసా మా ముగ్గురికీ పదహారేళ్లు వచ్చేది. 34 సీసాలంటే అయిదు వందల నలభై ఏళ్ల పైమాటే. చార్మినార్ కట్టింది 1591లో. దానికి వందేళ్లకు పైగా ముందే మేం మొదలుపెట్టి ఉంటే, ఇదిగో ఇప్పటికి ఆఖరి సీసా ఆఖరి చుక్కకు వచ్చేవాళ్లం. ఈ లెక్క చెబితే మనవరాలు, "తాతా, అది నూనె, ఇది స్పిరిట్. రెండూ ఒక లెక్క కాదు" అంది. నిజమే. కానీ లెక్క బాగుంది కదా, చెడగొట్టడమెందుకు?

మా ఇల్లు హైదరాబాదు శాలిబండలో ఉండేది. అక్కడినుంచి చార్మినార్ దాటి గుల్జార్ హౌజ్ మీదుగా నడిస్తే పత్థర్‌గట్టి. మూసీ వరద 1908లో ఊరిని ముంచేశాక, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రాతితో కట్టించిన బజారు అది. ఆ కమానుల కింద అత్తరు దుకాణాలు. లోపల మసక వెలుతురు, అద్దాల వెనుక వరసగా బుడ్లు, మెత్త మీద కూర్చున్న పెద్దమనిషి. మేం ఆయన్ని సాబ్ అనేవాళ్లం. కొనేవాడో కాడో చూడకుండా గాజు పుల్లను బుడ్డిలో ముంచి చేతి వెనక రాసేవాడు. ఇక్కడే మా పెద్దన్న బుర్ర పనిచేసింది. ఒక్కడు వెళితే రెండు చేతులు. ఇద్దరం వెళితే నాలుగు. చేతి వెనక ఒకటి, మణికట్టు లోపల ఒకటి చొప్పున ఎనిమిది అత్తర్లు. దుకాణాల వరసంతా తిరిగి, పైసా ఖర్చు లేకుండా, పెళ్లికొడుకుల్లా ఘుమఘుమలాడుతూ ఇంటికి వచ్చేవాళ్లం. ఎనిమిది కలిసి వచ్చేది పరిమళమో తలనొప్పో మాకు తెలియదు. మా అమ్మకు తెలుసు. గుమ్మంలోనే ఆపి చెయ్యి కడుక్కుని రమ్మనేది.

వారం తిరక్కముందే సాబ్ మమ్మల్ని పసిగట్టాడు. వెళ్లగొట్టలేదు. దూదిని సన్నగా చుట్టి, అత్తరులో అద్ది, ఒక ఫాయా నా చెవి మడతలో పెట్టి, బడికెళ్లు బేటా, అత్తరెక్కడికీ పారిపోదు అన్నాడు. ఆ రోజు క్లాసులో నా పక్కన కూర్చోవడానికి పోటీ పడ్డారు.

ఆ సాబ్ దగ్గర నేర్చుకున్నదే నా చదువు. ఎండాకాలం ఖస్, గులాబ్, గిల్. ఖస్ అంటే మన వట్టివేరు. గిల్ అంటే మట్టి. అవును, కాల్చిన మట్టి నుంచి తీసే అత్తరు, తొలకరి వాసన వేస్తుంది. చలికాలం హినా, షమామా, ఒంటికి వేడి పుట్టించేవి. మొగలిపూల కేవడా గంజాం నుంచి వచ్చేది. కాలం తప్పి అడిగితే సాబ్ ముఖం చిట్లించేవాడు, మామిడిపండ్ల రోజుల్లో సీతాఫలాలు అడిగినట్టు. ఇప్పుడు మా మనవడు మే నెల మిట్టమధ్యాహ్నం ఘాటైన ఊద్ కొట్టుకుని మెట్రో ఎక్కుతాడు. పెట్టె తలుపులు మూసుకున్నాక అందులో ఉన్నవాళ్ల గతేమిటని అడిగితే "ప్రొజెక్షన్ మస్తుంటది తాతా" అంటాడు. ప్రొజెక్షన్ అంటే మా కాలంలో సినిమా హాల్లో ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం వీళ్లను మెచ్చుకుంటాను. అన్నాచెల్లెళ్లిద్దరూ ఏ సీసానైనా వాడతారు. ఇది ఆడవాళ్లది, ఇది మగవాళ్లది అన్న పట్టింపు లేదు. దానికి యూనిసెక్స్ అని పేరు పెట్టుకుని తామే కనిపెట్టినట్టు మాట్లాడతారు గానీ, పత్థర్‌గట్టిలో ఏ సాబూ ఎవరికోసమని అడిగినవాడు కాదు. ఏ కాలానికని అడిగేవాడు, అంతే. మధ్యలో కొన్నేళ్లు సీసాల మీద గుర్రం బొమ్మలేసి మగవాళ్లకూ, గులాబీ రంగు పూసి ఆడవాళ్లకూ అమ్మారు. ఆ గోడ మేం కట్టలేదు, వీళ్లు కొత్తగా కూల్చిందీ లేదు.

ఇక అత్తరు ఎలా తయారవుతుందో వీళ్లకు చెప్పబోతే ఫోనులో వీడియో చూపించారు. చూశాను. కన్నౌజ్‌లో ఇప్పటికీ అదే పద్ధతి. దేగ్ అనే పెద్ద రాగి బానలో పూలు, నీళ్లు పోసి మూత చుట్టూ మట్టి మెత్తుతారు. కింద కట్టెల మంట, పైనుంచి వెదురు గొట్టం. ఆ గొట్టం చివర భప్కా అనే కుండ, అందులో గంధపు నూనె. పూల ఆవిరి వచ్చి ఆ నూనెలో దిగుతుంది. తర్వాత నీళ్లు అడుగున, నూనె పైన తేరుకుంటాయి, నీళ్లు వంచేస్తారు. ఈ నీళ్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి, మా ఇంట్లో దీనివల్లే రభస జరిగింది.

గంధపు నూనె ధర కొండెక్కాక చాలామంది దాని బదులు లిక్విడ్ పారఫిన్ పోస్తున్నారు. పువ్వు అదే అయినా పీఠం మారిపోయింది. గంధంలో దిగిన మల్లె సాయంత్రానికి గంధంగా మారి పడుకుంటుంది. పారఫిన్‌లో దిగిన మల్లె గంటలో లేచి వెళ్లిపోతుంది. ఇది మాత్రం ముసలివాడి చాదస్తం కాదు, ఎవరైనా రెండు చేతులకూ రాసుకుని చూడొచ్చు.

ఇప్పుడు మా ముగ్గురి బుడ్డి సంగతి. అమ్మ పెట్టిన చట్టం ప్రకారం పండక్కీ, పెళ్లికీ, శుక్రవారం తలంటుకున్నాకా, మనిషికి ఒక్క పుల్ల. చట్టం అమలు మా చెల్లె చేతిలో. తొమ్మిదేళ్ల పిల్ల గానీ పోలీసు పటేల్ కన్నా గట్టిది. రోజూ పొద్దున కాటుక పెట్టుకుంటూ, ఆ వేలితోనే బుడ్డి గాజు మీద అత్తరు ఎంతవరకుందో అక్కడ గీత పెట్టేది. అందులో రెండు లాభాలు. అత్తరు తగ్గితే గీత చెబుతుంది. ఎవరైనా బుడ్డిని ముట్టుకుంటే గీత చెరిగి, దొంగ వేలికి కాటుక అంటుతుంది. ఈ కాలం బ్యాంకుల్లో కూడా ఇంత భద్రత లేదు.

పెద్దన్న సిటీ కాలేజీలో చేరిన కొత్త. కాలేజీకి ఒట్టి ఒంటితో ఎలా వెళ్లాలి? రెండు పుల్లలు, మూడు పుల్లలు లాగించాడు. గీతకు, అత్తరుకు మధ్య గోరంత ఖాళీ వచ్చింది. కంగారులో ఆ ఖాళీని కుండలో నీళ్లతో నింపాడు, గీత మళ్లీ దిద్దాడు, వేలు కడుక్కున్నాడు. పని పూర్తయిందనుకున్నాడు. పొద్దున చెల్లె బుడ్డిని కిటికీ వెలుగులో పెట్టి చూసి కేకపెట్టింది. అడుగున తెల్లగా నీళ్లు, పైన పసుపుపచ్చగా హినా, మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు. రెండంతస్తుల బంగళాలా ఉంది. విజ్ఞానశాస్త్రం చదువుతున్నవాడు నూనె నీళ్లలో కలవదన్న సంగతి మరిచిపోయాడు.

నాయిన కొట్టలేదు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద ఆయుధం ఉండేది. ఏడో నిజాం టోపీ. 1937లో అమెరికా వాళ్ల టైమ్ పత్రిక ముఖచిత్రం వేసి, లోకంలో ఈయనకు మించిన ధనవంతుడు లేడని రాసింది. ఆ మనిషి ఏళ్ల తరబడి అదే పాత రూమీ టోపీతో తిరిగాడన్నది హైదరాబాదులో పసిపిల్లలకు కూడా తెలిసిన కథ. మేం ఏది అడిగినా, కొత్త చెప్పులైనా, రెండో ప్యాంటైనా, "అంత దొరే ఒక్క టోపీతో ఎల్లదీస్తుండు. నీకు రెండు కావాల్నా?" అనేవాడు నాయిన. 1967 ఫిబ్రవరిలో నిజాం పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. మా పెద్దన్న మెల్లగా నా చెవిలో, "ఇగ నాయిన ఎవరి పేరు చెప్తడు?" అన్నాడు. ఏమీ మారలేదు. చనిపోయినా ఆ టోపీ మా ఇంట్లో ఇంకో పదేళ్లు బతికింది.

బట్టల కథ ఇంకా సులువు. దసరాకు నెల ముందు నాయిన ఒక తాను గుడ్డ తెచ్చేవాడు. తెచ్చాక ఇక మాట్లాడటానికేం లేదు. పెద్దన్నకు చొక్కా, నాకు చొక్కా, చెల్లెకు లంగా, మిగిలిన దాంతో దిండు గలీబులు, ఇంకా మిగిలితే కిటికీకి పరదా. ఒకే తాను ముక్కలు అని ఊరికే అనరు. ఒక ఏడాది లేత ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు వచ్చాయి. ఆ దసరాకు దిగిన ఫొటో ఇప్పటికీ ఉంది, ముగ్గురం చెట్టు కొమ్మకు వేలాడే ఒకే జాతి కాయల్లా ఉంటాం. ఆ చొక్కాతో ఆ దిండు మీద పడుకుంటే నా తల తప్ప ఏమీ కనిపించేది కాదని పెద్దన్న అనేవాడు.

పోయిన రాఖీ పండక్కి మా మనవరాలు పోచంపల్లి ఇక్కత్ గుడ్డ తెచ్చి, తనకు కుర్తా, అన్నకు చొక్కా ఒకే గుడ్డలో కుట్టించింది. ఆ కుట్టు కూలితో మా నాయిన మూడు దసరాలు గడిపేవాడు. ఇద్దరూ వేసుకుని పక్కపక్కన నిలబడి ఫొటో దిగి, "ట్విన్నింగ్, తాతా!" అన్నారు. మా అమ్మ దీన్ని గతిలేకపోవడం అనేది. పేరు మారేసరికి ఎంత ఖరీదు పెరిగిందో చూడండి.

వదులు చొక్కాలూ అంతే. పెద్దన్న చొక్కా నాకొచ్చేసరికి భుజాలు మోచేతుల దగ్గరికి జారేవి, నేను ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు వీళ్లు ఆ జారిన భుజాల కోసమే ఎక్కువ పెట్టి కొంటున్నారు. అన్నది చెల్లె వేసుకుంటుంది, చెల్లెది అన్న వేసుకుంటాడు, ఏది ఎవరిదో మా కోడలికి కూడా తెలియదు. చిరుగుల ప్యాంట్ల గురించి ఈపాటికి ముసలివాళ్లందరూ రాసేశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

టెరిలిన్ మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. మా మేనమామ బొంబాయి నుంచి ఒక తెల్ల టెరిలిన్ చొక్కా తెచ్చాడు, 1966లో. ఒక్కటే. అప్పటికి నేను పొడుగులో పెద్దన్నను అందుకున్నాను, కాబట్టి వాటా అడిగే హక్కు వచ్చింది. సోమ, మంగళ, బుధ వాడివి. గురు, శుక్ర, శని నావి. రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరేది, ఇస్త్రీ పెట్టె అక్కర్లేదు. అందులో చెమట ఆరదు, గాలి ఆడదు, ఎండాకాలం ఒళ్లు ఉడికిపోయేది. అయినా విప్పబుద్ధి అయ్యేది కాదు. ఒక బుధవారం పెద్దన్న కాలరుకు హినా పూశాడు. నూనె మరక టెరిలిన్‌కు పట్టిందంటే వదలదు. సున్నం రాశాం, కుంకుడు రసం రాశాం, మరక గుండ్రంగా రూపాయి బిళ్లంత అయింది. చివరికి కాలరు లోపల జేబురుమాలు మడిచి పెట్టుకుని తిరిగాం. నెల తిరిగేసరికి మా గల్లీలో ఇంకో నలుగురు కుర్రాళ్లు కాలర్లలో జేబురుమాళ్లు పెట్టారు. మరక లేకుండానే! మేం మాత్రం నోరు విప్పలేదు.

ఈ కథ విని మనవడు, "పాలిస్టర్ కోసమా తాతా ఇంత కొట్లాట?" అని ముక్కు చిట్లించాడు. వాడు నూలు, లినెన్ తప్ప ముట్టుకోడు. టెరిలిన్‌ను 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు. పాతికేళ్లకు శాలిబండ చేరింది. మా నాయిన జీవితమంతా మగ్గం మీద నేసిన నూలు కట్టుకుని, మాకు టెరిలిన్ కొనలేకపోయానే అని కుమిలిపోయాడు. మా మనవణ్ణి చూసి ఉంటే ఏమనేవాడో.

చెల్లె సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఫోన్ చేసి అడుగుతుంది. సాధన నటించిన 'లవ్ ఇన్ సిమ్లా' 1960లో వచ్చింది, అందులో నుదుటి మీద కత్తిరించిన జుట్టు దేశమంతా అంటుకుంది. మా గల్లీకి రెండు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. చెల్లెకు సాధనా కట్ కావాలి. అమ్మ ఒప్పుకోదు, మంగలి ఆడపిల్ల జుట్టు ముట్టడు. పెద్దన్న గుడ్డలు కత్తిరించే కత్తెర తీశాడు, నేను అద్దం పట్టుకున్నాను. ఎడమ పక్క కొంచెం ఎక్కువ తెగింది. దాన్ని సరిచేయడానికి కుడి పక్క. దాన్ని సరిచేయడానికి మళ్లీ ఎడమ. ఆగేసరికి నుదుటి మీద వేలెడు కుచ్చు మిగిలింది, అదీ నిటారుగా నిలబడి ఉంది. సాధన కాదు, చెప్పుకోలేని వేదన. పెరిగేదాకా రెండు నెలలు కొబ్బరినూనె పెట్టి అణిచి, పైన కనకాంబరాల దండ అడ్డంగా చుట్టుకుని బడికి వెళ్లింది. జాంబాగ్‌లో మూరల లెక్కన కొన్న ఆ పూలకు డబ్బులు మా ఇద్దరి అణాల్లోంచి పోయాయి. బెల్‌బాటాలూ, పెద్ద కాలర్లూ తర్వాత వచ్చాయి. రోడ్లు ఊడ్చాం, పోయాయి.

ఈ కాలం అన్నాచెల్లెళ్లకు ఇలాంటి తగవుల్లేవు. ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి సీసా వాళ్లది, అయినా ఒకళ్లది ఒకళ్లు వాడుకుంటారు, అడగను కూడా అడగరు. ఒక పుస్తకం రాసి పెట్టుకున్నారు, ఏ సీసా ఎన్ని గంటలు నిలిచింది, ఎండలో ఎలా ఉంది, వానలో ఎలా ఉంది అని. ఒకసారి నా మణికట్టు మీద ఏదో కొట్టి, చెప్పమన్నారు. వెంటనే ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఇప్పుడే కాదు తాతా. ఇది టాప్ నోట్. అసలుది అరగంట తర్వాత వస్తది."

"అసలుది తర్వాతొస్తే, ముందొచ్చినాయన ఎవరే?"

"నిమ్మ, బెర్గమాట్. అవి తొందరగా పోతయ్. తర్వాత పూలు, ఆఖర్ల కట్టె."

నిమ్మకాయ, పూలు, ఆఖర్న కట్టె. నా వయసువాడికి చెప్పాల్సిన వరసేనా ఇది?

మా చెల్లె ఈమధ్య వచ్చి వారం రోజులుంది. డెబ్బై దాటినా ముక్కు మాత్రం పోలీసు ముక్కే. ఆ అల్మారా ముందు కుర్చీ వేసుకుని, ఒక్కో మూత తీసి, "ఇది అగరుబత్తి", "ఇది మా అత్తగారి సందూకు", "ఇది జలుబు మందు" అని తీర్పులు చెప్పింది. పిల్లలిద్దరూ నోరెళ్లబెట్టి అవన్నీ పుస్తకంలో రాసుకున్నారు. నేను చెబితే ఒక్కటి రాసుకోలేదు. పోతూ పోతూ మనవరాలికి బుడ్డి మీద గీత పెట్టే విద్య నేర్పి పోయింది.

ఆ విద్య ఇంత తొందరగా పనికొస్తుందనుకోలేదు. పోయిన వారం కన్నౌజ్ నుంచి చిన్న పార్సిల్ వచ్చింది. మట్టి అత్తరు, గంధపు నూనెలో దించింది. ఖరీదు ఎక్కువై ఇద్దరూ సగం సగం వేసుకున్నారట. బుడ్డి నా బొటనవేలంత. మనవరాలు ఆ రాత్రే కాటుక పెన్సిల్‌తో గీత పెట్టింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. సోమవారం మూత తీసి వాసన చూశాను, అంతే. మంగళవారం ఒక్క పుల్ల. బుధవారం దూది దొరికింది కాబట్టి ఫాయా చుట్టి చెవి మడతలో పెట్టుకున్నాను, దూది ఎక్కువ తాగింది. నిన్న చూస్తే గీతకూ అత్తరుకూ మధ్య గోరంత ఖాళీ. నీళ్లు పోద్దామా అన్న ఆలోచన రాకపోలేదు. పెద్దన్న అనుభవం ఉంది కదా, ఆగాను. గీత మాత్రం కొంచెం కిందికి దిద్దాను. చెయ్యి వణికి వంకరొచ్చింది.

సాయంత్రం గొడవ మొదలైంది. "అన్నా, గిదేంది? నిన్నటి గీత ఇట్లుందా?" అని మనవరాలు. "నేను ముట్టలే, ఒట్టు" అని మనవడు. వాడి వేళ్లు వెలుగులో తిప్పి తిప్పి చూసింది. నమ్మలేదు. మా ఇంట్లో వాళ్లిద్దరూ అలా అరుచుకోవడం నేను మొదటిసారి విన్నాను. పేపరు అడ్డం పెట్టుకుని, కుడిచేతి చూపుడు వేలు పంచె మడతలో దాచుకుని, ఎడిటోరియల్ మూడోసారి చదువుతున్నాను.

అరుపులు ఆగాయి. పేపరు పైఅంచు మీదుగా మనవరాలి తల కనిపించింది.

"తాతా, ఈ ఉక్కపోతల మఫ్లర్ ఎందుకు చుట్టుకున్నవ్?"